‘కోడే గదా, కోసేయండి’ అనేవాళ్లకు నా జవాబు



మన ముస్లిం ఇళ్లల్లో ఒక మాట ఉంది. నోటికి ఎంత తేలిగ్గా వస్తుందో, అంత తేలిగ్గా ఒక జాన్ తీసేస్తుంది. "కోడే గదా, కోసేయండి." తూగుతా ఉందా, కోసేయండి. కాలు విరిగిందా, కోసేయండి. కుక్క పట్టిందా, ఇంకా చూస్తారేంది, చచ్చేలోపు బిస్మిల్లా చెప్పి కోసేయండి. కూర దండగ కాకూడదు. ఆ మాట అన్నాయన దాని వెనకాల దీన్ పేరు కూడా తగిలించి పోతాడు: "మన షరియత్‌లో అంతే."

నా ఏతరాజ్ అంతా ఆ చివరి మాట మీదే. గోష్త్ తినడం మీద నాకు ఏ ఏతరాజూ లేదు. నేనూ తింటాను, మా ఇంట్లోనూ జబహ్ అవుతుంది, బక్రీద్‌కు ఖుర్బానీ అవుతుంది. కోడి ప్రాణమూ మనిషి ప్రాణమూ ఒకటేనని చెప్పడానికి రాలేదు. నేను చెప్పేది చిన్న సంగతి. బతికించగలిగిన ప్రాణిని ఓపిక లేక చంపి, ఆ బద్ధకానికి షరియత్ అని పేరు పెట్టొద్దు. అంతే.

ఇది గాల్లో రాస్తున్న మాట కాదు. పోయిన ఎండాకాలం మా సీతారామపురంలో, అసర్ నమాజుకు కాస్త ముందు, మా ఆపా వాళ్ల దొడ్లో ఒక వీధికుక్క దూరి పెట్టను పట్టింది. నల్లచుక్కల పెట్ట. మా ఆపా కూతురు దాన్ని చేతుల్లో పెంచింది, చమేలీ అని పిలుస్తుంది. పిల్ల అరుపుకు కుక్క వదిలేసి పారిపోయింది. పెట్ట వీపు మీద తోలు అరచేతి వెడల్పున చిరిగిపోయింది. రెక్క కింద రెండు పంటి గాట్లు. దొడ్డి నిండా ఈకలు. పెట్ట కళ్లు మూసుకుని కదలకుండా పడి ఉంది, కానీ ఊపిరి ఆడుతోంది.

అయిదు నిమిషాల్లో వీధి వీధంతా ముఫ్తీలైపోయారు. ఒక చాచా కత్తి తెమ్మన్నాడు. ఒక బూబమ్మ "కుక్క నోరు పెట్టిందమ్మే, అది నాపాక్ అయిపోయింది, తాకబాకండి, కాలవలో పారేయండి" అంది. ఒక కుర్రాడు బండి ఇంజనాయిల్ పూస్తే పుండు ఎండిపోతుందన్నాడు. ఇంకొకామె తావీజు కట్టించి దమ్ చేయించమంది. ఇన్ని ఫత్వాల మధ్య ఒక్కరు కూడా ఆ పెట్టకు ఏం దెబ్బ తగిలిందో వంగి చూడలేదు. పదేళ్ల పిల్ల మాత్రం దుపట్టాలో దాన్ని చుట్టుకుని, "ఖాలా, ఇది ఇంకా బతికే ఉంది, చూడు" అని నా దగ్గరికొచ్చింది. మేము కోయలేదు, పారేయలేదు. అందుకు ఆ రోజు నుంచి పడిన ఎగతాళికి ఇది నా జవాబు. ఒక్కొక్కటే తీసుకుంటాను.

"కుక్క నోరు పెట్టింది, హరామ్ అయిపోయింది"

ఖురాన్ తెరవండి. సూరె మాయిదా మూడో ఆయత్. తినకూడనివాటి జాబితా అక్కడ ఉంది: చచ్చినది, రక్తం, పంది మాంసం, అల్లాహ్ పేరు కాక వేరే పేరు మీద కోసినది, గొంతు నులిమి చచ్చినది, దెబ్బ తగిలి చచ్చినది, పైనుంచి పడి చచ్చినది, కొమ్ము పోటుతో చచ్చినది, క్రూరమృగం తిన్నది. ఆ వెంటనే ఒక మినహాయింపు ఉంది: ప్రాణం ఉండగా మీరు జబహ్ చేసుకున్నది తప్ప. అంటే కుక్క పట్టిన కోడి బతికి ఉంటే, జబహ్ చేస్తే హలాల్. చచ్చిపోతే హరామ్. మన చాచా చెప్పింది ఇంతవరకు నిజమే.

కానీ అది ఇజాజత్, హుకుమ్ కాదు. తినొచ్చు అనడం వేరు, తినాల్సిందే అనడం వేరు. ప్రయాణంలో రోజా వదిలే ఇజాజత్ ఉందని ప్రయాణం చేసే ప్రతివాడూ రోజా వదిలి తీరాలని ఎవరైనా అంటారా? మినహాయింపును ఫర్జ్ చేసేశాం మనం.

ఇక బూబమ్మ మాట. అదే సూరాలో తర్వాతి ఆయతే, నాలుగోది, వేట నేర్పిన జంతువులు పట్టి తెచ్చినది అల్లాహ్ పేరు చెప్పి తినొచ్చంటోంది. వేట నేర్పిన జంతువంటే మొదట గుర్తొచ్చేది కుక్కే. కుక్క నోరు తగిలినంత మాత్రాన కోడి పారేయాల్సిన చెత్త అయిపోదని ఇంతకంటే సాఫ్‌గా ఎవరు చెప్పాలి? కుక్క నాకిన గిన్నెను ఏడుసార్లు కడగమని, అందులో ఒకసారి మట్టితో కడగమని సహీ ముస్లింలో హదీసు ఉంది. కడగమనే చెప్పారు. గిన్నెను పగలగొట్టమనలేదు. తహారత్ సంగతుల్లో మస్లక్‌ను బట్టి తేడాలుంటాయి, మీ ఆలిమ్‌ను అడగండి. కానీ గాయపడ్డ ప్రాణిని తాకకుండా కాలవలో విసిరేయమని ఏ మస్లక్ చెప్పింది?

"చచ్చేలోపు కోయడమే రహమ్"

ఈ మాటలో కొంత నిజముంది, అందుకే దీన్ని గౌరవంగానే తీసుకుంటాను. కొన్ని కోళ్లకు జబహ్ చేయడమే రహమ్. పేగులు బయటికొచ్చేశాయి, నడుము విరిగి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి, తాగిన నీళ్లు గొంతు కింద గాయంలోంచి బయటికి కారిపోతున్నాయి, ఊపిరి తీసినప్పుడల్లా ఛాతీ గాయంలో నురగ వస్తోంది, దగ్గరలో వైద్యం దొరికే దారి లేదు అంటే, దాన్ని రాత్రంతా కొట్టుకోనివ్వడం జుల్మ్. అప్పుడు కోయండి. ఆలస్యం చేయొద్దు.

అయితే ఎలా కోయాలి? ప్రతి పనిలోనూ ఇహ్సాన్‌ను అల్లాహ్ విధించాడని, కోసేటప్పుడు మంచిగా కోయాలని, కత్తి పదును పెట్టుకోవాలని, జంతువుకు బాధ తగ్గించాలని సహీ ముస్లింలో షద్దాద్ బిన్ ఔస్ (రజి) రివాయత్ చేసిన హదీసు చెబుతోంది. మన వీధుల్లో జరిగేదేంది? ఉల్లిపాయలు తరిగే మొద్దు కత్తి, మిగతా కోళ్ల ముందే, మాటలాడుకుంటా. దానికి రహమ్ అని పేరు.

ఇంకొకటి. ఆ రోజు అందరూ అడిగింది "ముల్లా సాబు యాడ?" అని. మగవాళ్లు వచ్చేదాకా కోడి కొట్టుకుంటున్నా సరే ఆడవాళ్లు కత్తి ముట్టకూడదంట. నేనూ ఆడదాన్నే, నన్నూ చిన్నప్పుడు అలాగే పక్కకు నెట్టారు. మరి బుఖారీలో ఉన్న హదీసు ఎవరి కోసం? కఅబ్ బిన్ మాలిక్ (రజి) గారి దాసి ఒకామె సలఅ కొండ దగ్గర మేకలు, గొర్రెలు కాస్తోంది. మందలో ఒకటి చచ్చిపోయేట్టుంటే ఒక రాయి పగలగొట్టి దాని పదునుతో జబహ్ చేసింది. రసూలుల్లాహ్ (స)ను అడిగితే తినమన్నారు. ఆడది, అందులోనూ దాసి, అందులోనూ చేతిలో కత్తి కూడా లేదు. ఆమె ఎవరికోసమూ ఆగలేదు. మన ఆడపిల్లలకు జబహ్ నేర్పకపోవడం షరియత్ కాదు, మన రివాజ్. నిజంగా కోయాల్సిన కోడికి ఆ రివాజే గంటల తరబడి బాధ పెడుతోంది.

కాబట్టి నేను అడిగే వరస ఇది: ముందు చూడు, తర్వాత తేల్చుకో. బతికేదైతే ఇలాజ్ చెయ్. బతకనిదైతే పదును కత్తితో, వెంటనే, మంచిగా జబహ్ చెయ్. మన అలవాటు చూడకుండానే తేల్చేయడం.

"మూడొందల కోడికి రెండొందల మందులా?"

ఈ లెక్క ఎక్కువగా మగవాళ్ల నోట వింటాను. ఆ కోడి ఎవరిదో కూడా వాళ్లు చూడరు. మన ఉదయగిరి, ఆత్మకూరు వైపు పల్లెల్లో పెరటి కోడి ఇంటి ఆడదాని బ్యాంకు. మగవాడి చేతిలోకి పోని డబ్బు అదొక్కటే. గుడ్లు అమ్మితే పిల్ల నోటుపుస్తకం, పుంజు అమ్మితే పండక్కి చీర. ఉదయగిరిలో కొండ కర్రతో స్పూన్లు, గరిటెలు చెక్కే మన ఆడవాళ్లను చూడండి. ఆ పనికి భౌగోళిక గుర్తింపు వచ్చి పేరు దేశమంతా పాకింది. చెక్కే చేతికి రోజుకు మిగిలేది ఎంతో ఆ ఇళ్లకే తెలుసు. అలాంటి ఇంట్లో నాలుగు పెట్టలంటే నాలుగు వేళ్ల మీద లెక్కపెట్టుకునే ఆస్తి.

2019 పశుగణనలో దేశంలో పెరటి కోళ్లు 31.7 కోట్లని తేలింది. 2012 నాటితో పోలిస్తే దాదాపు 46 శాతం ఎక్కువ. పెద్ద ఫారాలు ఇంత పెరిగాక కూడా పెరటి కోడి పోలేదు, పెరిగింది. ఎవరు పెంచారు? ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు. నాటుపెట్ట ఏడాదికి 50, 60 గుడ్లు పెడుతుంది, పొదిగితే 21 రోజులకు పిల్లలు దిగుతాయి. రెండు విడతల పిల్లల్లో సగం గద్దకూ పిల్లికీ పోయినా మిగిలినవి ఎంతవుతాయో ఆ చాచానే లెక్క కట్టమనండి. ఒక పూట కూర కోసం కోసేస్తే పోయేది ఏడాది బరకత్. మేము చమేలీకి పెట్టిన ఖర్చు దూది, గాజుగుడ్డ, మందు సీసా, డాక్టరు రాసిచ్చిన మందు అన్నీ కలిపి ఒక కిలో నాటుకోడి ధర కంటే తక్కువే.

లెక్క కుదరకపోయినా నా మాట మారదు. పిల్లిని కట్టేసి, తిండి పెట్టకుండా, వదలకుండా చంపిన ఒక ఆడమనిషి జహన్నమ్ పాలైందని బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ హదీసు ఉంది. ఆ పిల్లి ఖరీదు ఎంతని ఎవరూ అడగలేదు.

"పిల్లలకు ఇంత సున్నితం నేర్పితే రేపు ఖుర్బానీ ఎలా చేస్తారు?"

ఇది అన్నిటికంటే నాకు కోపం తెప్పించిన మాట. ఇది అన్నది చదువుకున్నాయన.

అబూ మూసా అష్అరీ (రజి) గారి ముందు కోడి మాంసం పెట్టినప్పుడు, రసూలుల్లాహ్ (స) కోడి తినగా తాను చూశానని ఆయన చెప్పారు. ఇది బుఖారీలో ఉంది. అదే బుఖారీలో ఇంకో చోట: ఇబ్నె ఉమర్ (రజి) ఒక దారిన పోతుంటే కొందరు కుర్రాళ్లు ఒక కోడిని కట్టేసి గురి చూసి కొడుతున్నారు. ఆయన్ని చూసి చెదిరిపోయారు. ఇలాంటి పని చేసేవాళ్లను రసూలుల్లాహ్ (స) లానత్ చేశారని ఆయన చెప్పారు. పిల్లి కాదు, గుర్రం కాదు, కోడి! కోడి తిన్న నబీ (స)యే కోడిని హింసించేవాళ్లను లానత్ చేశారు. ఈ రెండు హదీసుల్ని ఒకే గుండెలో పెట్టుకోవడమే తర్బియత్. తినడం తెలిసి రహమ్ తెలియనివాడికి కత్తి ఇవ్వడమే ప్రమాదం. ఖుర్బానీ అర్థమయ్యేది రహమ్ తెలిసిన పిల్లకే. పెంచి, మేపి, ప్రేమించినదాన్ని అల్లాహ్ కోసం ఇవ్వడం కదా ఖుర్బానీ? ప్రేమే లేనప్పుడు ఇచ్చేదేంది?

మన ఖురాన్‌లో సూరాల పేర్లు చూడండి. ఆవు, తేనెటీగ, చీమ, సాలెపురుగు, ఏనుగు. సూరె అన్ఆమ్‌లో, భూమ్మీద నడిచేవీ రెక్కలతో ఎగిరేవీ అన్నీ మీలాంటి ఉమ్మత్‌లేనన్న భావం ఉన్న ఆయత్ ఉంది. అంత కితాబు చదివే పిల్లకు "ఏడుస్తావేంది, కోడే గదా" అని చెప్పి, తన చేతుల్లో పెరిగిన పెట్టను ఆ రాత్రే కంచంలో పెడితే ఆమె నేర్చుకునేది ఒక్కటే: బలహీనంగా పడిపోయినదాన్ని కోసేస్తారు. రేపు నానీ మంచాన పడితే, తమ్ముడు కుంటివాడైతే, ఆ పాఠం ఎటు పోతుందో మీరే ఆలోచించండి.

"మరి ఏం చేయాలి?"

వాదన చాలు. ఇల్మ్ లేని రహమ్ కూడా కోడిని చంపుతుంది. ఇంజనాయిల్ పూయమన్న కుర్రాడికి ఖయిష్ మంచిదే, కానీ ఆ నూనె తోలు కాలుస్తుంది, కోడి ముక్కుతో ఈకలు సవరించుకుంటే కడుపులోకి పోతుంది. కిరసనాయిలు, కారం, సున్నం, బూడిద, ఏదీ వద్దు. మేము ఒక తెలిసిన పశువైద్యుడికి ఫోన్ చేసి, ఆయన చెప్పినట్టు చేశాం. అది మీకూ పనికొస్తుంది.

మొదట దడ తగ్గించాలి. కుక్క నోట్లోంచి బయటపడిన కోడి చాలాసార్లు గాయంతో కాదు, దడతో చస్తుంది. అట్టపెట్టెకు గాలి బొక్కలు చేసి, మెత్తని గుడ్డ పరిచి, చీకటిగా, చప్పుడు లేని చోట పెట్టండి. వానాకాలం, చలికాలం అయితే వెచ్చదనం కావాలి. మన ఎండాకాలంలో బల్బు పెడితే అదే చంపుతుంది, నీడ చాలు. పిల్లలు నిమిషానికోసారి మూత తీసి చూడకూడదు. ఎత్తుకునేటప్పుడు ఛాతీ గట్టిగా నొక్కొద్దు. కోడికి మనలాగా ఊపిరితిత్తుల కింద పొర లేదు, రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే ఊపిరి ఆడుతుంది. ప్రేమగా గట్టిగా హత్తుకుంటే ఊపిరాగుతుంది.

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో కాసేపు ఒత్తి పట్టండి. మధ్యలో తీసి తీసి చూడొద్దు. రక్తం ఆగి, కోడి కాస్త తేరుకున్నాక గాయం చూడండి. ఈకల కింద దాక్కున్న పంటి గాట్లే అసలు ప్రమాదం. పైకి చిన్న చిల్లు, లోపల నలిగిన కండ, కుక్క నోటి క్రిములు. రెక్కల కింద, తొడల దగ్గర, తోక కింద ఈకలు విడదీసి వెతకండి. గాయం చుట్టూ ఈకలు కత్తిరించండి, పీకొద్దు.

కడగడానికి లీటరు నీళ్లు కాచి చల్లార్చి, 9 గ్రాముల ఉప్పు, అంటే చిన్న చెంచాతో చెంచాన్నర వేయండి. సూది లేని సిరంజితో ధారగా కొట్టి మట్టి, ఈక ముక్కలు పోయేదాకా కడగండి. కోడిని మొత్తం తడపొద్దు. ఆ తర్వాత పోవిడోన్ అయోడిన్‌ను లేత టీ రంగు వచ్చేదాకా నీళ్లలో కలిపి అద్దండి. పసుపు ముద్ద లోతు గాట్లలో కూరొద్దు, లోపల చీము పట్టి పైన మూసుకుపోతుంది.

నీళ్లు నోట్లో పోయొద్దు, ఊపిరి గొట్టంలోకి పోతాయి. ముక్కు అంచున చుక్క పెట్టండి, తానే మింగుతుంది. నీళ్లలో ఓఆర్ఎస్ గానీ కాస్త బెల్లం, చిటికెడు ఉప్పు గానీ కలపండి. తేరుకున్నాక నానబెట్టిన నూకలు, ఉడికించిన గుడ్డు నలిపి పెట్టండి. కోడికి గుడ్డు పెట్టడమేందని నవ్వకండి. చిరిగిన తోలు కట్టుకోవడానికి దానికి అదే బలం.

ఈగలు మన ప్రాంతంలో కుక్క తర్వాత రెండో శత్రువు. వేసవిలో గాయం మీద ఈగ గుడ్లు పెడితే ఒక్క రోజులో పురుగులవుతాయి. పెట్టె మీద పల్చటి గుడ్డ కట్టండి, పరుపు రోజూ మార్చండి, పొద్దునా సాయంత్రం గాయం చూడండి. మిగతా కోళ్లతో కలపొద్దు. ఎర్రగా కనబడితే అవే పొడిచి చంపుతాయి.

మనుషుల మాత్రలు విరిచి పెట్టే ఆలోచన మానుకోండి. డైక్లోఫెనాక్ వాడిన పశువుల కళేబరాలు తిని మన దేశపు రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. 2006లో ఆ మందును పశువులకు వాడకుండా నిషేధించారు. పంటి గాట్లకు యాంటీబయాటిక్ అవసరం, కానీ ఏది, ఎంత అనేది డాక్టరు చెప్పాలి. ఆ మందు వాడినన్నాళ్లూ, ఆ తర్వాత ఆయన చెప్పినన్ని రోజులూ దాని గుడ్డు గానీ మాంసం గానీ తినకూడదు. పశువుల ఆస్పత్రి దూరమైతే సంచార పశువైద్య వాహనానికి 1962 నంబరు ఉంది. "కోడికి ఫోన్ చేస్తే నవ్వుతారు" అని సిగ్గుపడకండి.

కుక్క కొరికిన కోడి నుంచి మనకు రేబిస్ వస్తుందన్న భయం అక్కర్లేదు, పక్షుల్లో ఆ జబ్బు కనబడడమే అరుదు. కానీ విడిపించేటప్పుడు కుక్క పన్ను మీ చేతికి గీసుకున్నా, చేతి గాయానికి దాని చొంగ తగిలినా, పారే నీళ్లలో సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆస్పత్రికి పోయి టీకా వేయించుకోండి. పసరు వైద్యం, దమ్, దేనికోసమూ ఆగొద్దు. ఈ జబ్బు బయటపడ్డాక ఇలాజ్ లేదు.

దువా చేయొద్దని నేను అనలేదు. మా పిల్ల ప్రతి నమాజులో చేసింది. ఒంటెను కట్టేసి తవక్కుల్ చేయమన్న దీన్ మనది. గాయం కడిగి దువా చెయ్యి, కడగకుండా తావీజు కట్టొద్దు.

చమేలీ మూడు రోజులు ఏమీ తినలేదు. ఆకుపచ్చ రెట్టలు వేసింది. కడుపు ఖాళీగా ఉన్న కోడి అలాగే వేస్తుందని డాక్టరు చెప్పేదాకా మాకు గుండెల్లో రాయి. నాలుగో రోజు గుడ్డు సొన ముక్క పొడిచింది. రెండో వారానికి గాయం గులాబీ రంగుకు వచ్చి అంచులు దగ్గరికి చేరాయి. రెండు నెలలకు వీపు మీద కొత్త ఈకలు మొలిచాయి, ఆ తర్వాత మళ్లీ గుడ్డు పెట్టింది. అయితే ఇది నా వాదనకు సబూత్ అని నేను చెప్పను. ఇంతే శ్రద్ధ చేసినా ఇంకో కోడి చచ్చిపోవచ్చు. అప్పుడు కూడా నా మాట ఇదే. షిఫా అల్లాహ్ చేతిలో ఉంది, కోషిష్ మన జిమ్మేదారీ. సవాబ్ కోషిష్‌కే.

ఇక ఆ కుక్క సంగతి

పెట్టను బతికించుకున్నాక కొందరు కుర్రాళ్లు కొత్త సలహా తెచ్చారు: గోష్త్ ముక్కలో మందు పెట్టి కుక్కల్ని చంపేద్దాం. కోడి మీద జాలి చూపని వాళ్లకు ఇప్పుడు కోడి మీద ఎక్కడలేని ప్రేమ!

దాహంతో నాలుక వేలాడేసిన కుక్కకు బావిలోంచి నీళ్లు తోడి తాగించి మగ్ఫిరత్ పొందిన మనిషి కథ మన మస్జిదుల్లో ఎన్నిసార్లు వినలేదు? అస్హాబె కహఫ్ గుహ వాకిట్లో కూర్చున్న కుక్క ఖురాన్‌లో ఉంది కదా? పైగా మందు పెడితే చచ్చేది ఒక్క కుక్కే కాదు. పిల్లి, కాకి, పక్కింటి కోడి, చివరికి నేల మీద దొరికింది నోట్లో పెట్టుకునే పసిబిడ్డ. చట్టం కూడా ఊరుకోదు. విషం పెట్టి జంతువును చంపితే భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్ల వరకు జైలు.

అసలు ఆ కుక్కకు కోడి రక్తం రుచి చూపిందెవరు? మనం. చికెన్ కొట్టుల్లో పేగులు, తలలు, ఈకలు సంచుల్లో కట్టి రోడ్డు పక్కన గుంటల్లో పోసేది ఎవరు? ఆ కొట్టుల్లో చాలా వాటి బోర్డు మీద ‘హలాల్’ అని పచ్చ అక్షరాలు ఉంటాయి. బక్రీద్ మూడు రోజులు మన వీధి చివర ఏముంటుందో, నాలుగో రోజు అక్కడ ఎన్ని కుక్కలు ఉంటాయో మీకు తెలియదా? పాకీ సగం ఈమాన్ అని పిల్లలతో వల్లె వేయిస్తాం, ఓఝడీ మాత్రం కాలవలో వేస్తాం. కోసిన చోటే గుంట తవ్వి లోతుగా పూడ్చిపెట్టడానికి అరగంట పట్టదు. గుంపులు కట్టి, రక్తం వాసనకు అలవాటు పడ్డ కుక్క, పెంట మీద దొరకని రోజు దొడ్లోకి రాక ఎక్కడికి పోతుంది?

కుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్, టీకా వేయించడం స్థానిక సంస్థల పని. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల్లో పంచాయతీలకూ ఆ బాధ్యత ఉంది. గ్రామసభలో నిలబడి అడగండి. మన వీధి నుంచి ఎంతమంది గ్రామసభకు పోయి ఒక్క కాగితం ఇచ్చారు? కత్తి తెమ్మన్న చాచా ఇచ్చారా?

ఇంటి దగ్గర మన పని మనం చేయాలి. ఒకసారి వచ్చిన కుక్క మళ్లీ వస్తుంది, అదే టైముకు వస్తుంది. మగ్రిబ్ అజాన్ లోపు కోళ్లను గూట్లో వేసి తలుపు వేయాలి. గంప బోర్లించి చిన్న రాయి పెడితే కుక్క మూతితో నెట్టేస్తుంది, బరువు పెట్టాలి. దొడ్డి కంచె కింద సందు ఉంటే రాళ్లు పేర్చాలి. దీనికి డబ్బు అక్కర్లేదు, ఒక మధ్యాహ్నం ఖర్చవుతుంది.

మస్జిద్ కమిటీల పెద్దలకు, ఇమామ్ సాబులకు నా దర్ఖాస్త్ ఒక్కటే. ఏడాదిలో ఒక్క జుమా బయాన్ జానవర్ల హుఖూఖ్ మీద చేయండి. చికెన్ కొట్టు పెట్టుకున్న మన భాయీలను ముందు వరసలో కూర్చోబెట్టి చేయండి. బక్రీద్‌కు ముందు వచ్చే జుమా అయితే ఇంకా మంచిది. ఓఝడీ ఎక్కడ పూడ్చాలో ఆ రోజే మైకులో చెప్పండి. అమ్మలారా, ఆపాలారా, ఒక పదును కత్తి, ఒక పోవిడోన్ సీసా, కాస్త దూది, ఒక సిరంజి ఇంట్లో పెట్టుకోండి. మీ ఆడపిల్లలకు ఆ రెండూ నేర్పండి, గాయం కడగడమూ, తప్పనప్పుడు మంచిగా జబహ్ చేయడమూ.

ఈసారి మీ వీధిలో కుక్క ఒక కోడిని పట్టినప్పుడు "కోడే గదా" అని ఎవరైనా అంటే, వాళ్లను ఒక్క మాట అడగండి: "మీరు దాన్ని వంగి చూశారా?" చూడకుండా కత్తి అడిగినవాళ్లకు ఫత్వా ఇచ్చే హక్కు లేదని చెప్పండి. ఇన్షా అల్లాహ్, ఒకటి రెండు వీధుల్లోనైనా ఈ మాట మారుతుంది.

వస్సలామ్.